అమేలియా ఏమైంది?

1937 జూన్ 17. కలకత్తాలో వానలు మొదలయ్యాయి. డమ్‌డమ్ విమానాశ్రయం మైదానమంతా నీళ్ళు. ఆ రోజు కరాచీ నుంచి వచ్చి అక్కడ వాలిన వెండిరంగు విమానంలోంచి సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక స్త్రీ దిగింది. ప్యాంటూ చొక్కా వేసుకుంది. మగపిల్లాడిలా పొట్టిగా కత్తిరించిన జుట్టు. ముఖం నిండా ఎండకి తేలిన గోధుమరంగు చుక్కలు. నలభయ్యో పుట్టినరోజుకి ఇంకా అయిదు వారాలుంది. ఆమె పేరు అమేలియా ఎర్‌హార్ట్. భూమి నడుంచుట్టూ, అంటే భూమధ్యరేఖకి దగ్గరగా, విమానంలో తిరిగి రావాలని బయలుదేరింది.

కలకత్తాకి వచ్చే దారిలో పెద్ద పెద్ద నల్ల గద్దలు విమానానికి అడ్డం వస్తూంటే ఎక్కడ గుద్దుకుంటాయోనని ఆమె బెంగపడింది. మర్నాడు తెల్లవారేసరికి నేల మరీ నానిపోయింది. ఇంకా ఆలస్యం చేస్తే అసలు కదల్లేమని, బరువైన విమానాన్ని ఆ బురదలోంచే లేపింది. మైదానం చివరి చెట్ల కొమ్మలు కొద్దిలో తగలకుండా తప్పాయి. అక్కడి నుంచి బర్మా. అక్యాబ్ దాటాక కుండపోత వాన ఎదురై ఒకసారి వెనక్కి తిరగాల్సొచ్చింది. అయినా ఆగలేదు.

మన దేశపు వాన నీళ్ళు ఇంకా ఆరాయో లేదో, రెండు వారాలు తిరిగేసరికి ఆ విమానం, అందులోని ఇద్దరు మనుషులు పసిఫిక్ మహాసముద్రం మీద మాయమైపోయారు. ఎనభై ఏళ్ళు దాటింది. ఇంట్లో పట్టా కాగితం పోతే అటకమీది ట్రంకు పెట్టెలన్నీ దించి వెతుకుతాం చూడండి, అలా ఆమె ఆచూకీ కోసం ప్రపంచంలోని పాత దస్త్రాలన్నీ దించి వెతుకుతూనే ఉన్నారు. ఆ వెతుకులాట కథ చెప్పుకోవాలంటే ముందు ఆ మనిషి ఎవరో తెలియాలి.

షెడ్డు కప్పు మీంచి దూకిన పిల్ల

అమేలియా 1897 జూలై 24న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, అచిసన్ అనే ఊళ్ళో అమ్మమ్మగారింట్లో పుట్టింది. తాతగారు జడ్జి చేసి పేరు తెచ్చుకున్న మనిషి. తండ్రి ఎడ్విన్ రైల్వే కంపెనీల వ్యాజ్యాలు చూసే లాయరు. చెల్లెలు మ్యూరియల్ రెండేళ్ళు చిన్నది. ఆ రోజుల్లో ఆడపిల్లలు మడమల దాకా గౌన్లు వేసుకుని బుద్ధిగా కూర్చోవాలి. తల్లి ఏమీ మాత్రం ఇద్దరికీ పైజమాల్లాంటి దుస్తులు కుట్టించి, ఆడుకోండర్రా అని వదిలేసింది. చుట్టుపక్కల అమ్మలక్కలు ముక్కున వేలేసుకున్నారు. అమ్మమ్మకీ అంతగా నచ్చలేదు.

ఏడేళ్ళప్పుడు ఎగ్జిబిషన్‌లో జారుడు రైలు చూసి వచ్చింది. ఇంటికొచ్చి షెడ్డు కప్పు మీంచి నేలదాకా పలకలు ఏటవాలుగా కట్టించి, ఒక చెక్కపెట్టెలో కూర్చుని జారింది. పెట్టె విరిగింది, గౌను చిరిగింది, పెదవి చిట్లింది. లేచి నిలబడి, అచ్చం ఎగిరినట్టే ఉందని చెల్లెలితో సంబరంగా చెప్పింది.

ఆ ఇంట్లో సంబరాలు ఎక్కువ రోజులు నిలవలేదు. తండ్రి తాగుడికి అలవాటు పడ్డాడు. ఉద్యోగం పోయింది. ఊళ్ళు మారారు, బళ్ళు మారాయి. సంసారంలో డబ్బుకి ఎంత ఇబ్బందో పదిహేనేళ్ళకే ఆ పిల్లకి తెలిసిపోయింది. ఆ వయసులో ఆమె చేసిన పని ఒకటుంది. పత్రికల్లో, మగవాళ్ళవనుకునే ఉద్యోగాలు చేస్తున్న స్త్రీల గురించి వార్త పడితే కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకునేది. లాయర్లు, ఇంజనీర్లు, కంపెనీలు నడిపేవాళ్ళు... ఎవరి గురించి కనిపించినా సరే. తను ఏమవుతుందో ఆమెకి తెలీదు. ఏదో అవ్వాలని మాత్రం తెలుసు.

పది నిమిషాలు, పది డాలర్లు

1917లో చెల్లెల్ని చూడ్డానికి కెనడాలోని టొరంటో వెళ్ళినప్పుడు, వీధిలో చంకకర్రల మీద నడిచిపోతున్న సైనికుల్ని చూసింది. మొదటి ప్రపంచయుద్ధంలో కాళ్ళు పోగొట్టుకున్న కుర్రాళ్ళు. మనసు ఆగలేదు. చదువు మానేసి అక్కడి సైనిక ఆసుపత్రిలో నర్సులకి సహాయకురాలిగా చేరిపోయింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు రాత్రింబగళ్ళు సేవ చేసి తనూ మంచం పట్టింది. అప్పుడు పట్టుకున్న సైనస్ బాధ జీవితమంతా వదల్లేదు.

1920 డిసెంబరు 28న కాలిఫోర్నియాలో ఒక విమాన ప్రదర్శనకి తండ్రి తీసుకెళ్ళాడు. పది డాలర్లు కడితే పది నిమిషాలు ఎక్కించుకుంటారు. నేల మీంచి రెండు మూడు వందల అడుగులు లేచారో లేదో, తను విమానం నడిపి తీరాలని నిర్ణయించేసుకుంది. కిందటి క్షణం దాకా లేని కోరిక అది.

నేర్చుకోడానికి డబ్బేదీ? టెలిఫోన్ కంపెనీలో గుమాస్తాగిరీ చేసింది, ఫొటోలు తీసింది, లారీ కూడా నడిపింది. నేర్పిన గురువు కూడా ఆడమనిషే, నేటా స్నూక్. కొత్త తోలు జాకెట్ వేసుకుంటే తోటి పైలట్లు కొత్తపిచ్చి అని నవ్వుతారని, అది పాతబడ్డట్టు కనిపించడానికి రాత్రిళ్ళు వేసుకునే పడుకుందట! కూడబెట్టిన డబ్బుతో, తల్లి సాయంతో పసుపుపచ్చ బుల్లి విమానం కొనుక్కుంది. 1922 అక్టోబరులో దాన్ని 14,000 అడుగుల ఎత్తుకి తీసుకెళ్ళింది. అప్పటికి అంత ఎత్తు ఎగిరిన ఆడది లేదు.

అంతలోనే మళ్ళీ ఇంటి కష్టాలు. 1924లో తల్లీ తండ్రీ విడాకులు తీసుకున్నారు. అమేలియా విమానం అమ్మేసి ఒక కారు కొని, తల్లిని ఎక్కించుకుని దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి తనే నడుపుకుంటూ బోస్టన్ చేరింది. అక్కడ డెనిసన్ హౌస్ అనే సేవాసంస్థలో, వలస వచ్చిన పేద కుటుంబాల పిల్లలకీ తల్లులకీ ఇంగ్లీషు నేర్పే ఉద్యోగంలో కుదురుకుంది. కథ అక్కడితో ముగిసినా ఆశ్చర్యం లేదు. చాలామంది ఆడవాళ్ళ కథలు అలాగే ముగుస్తాయి.

బస్తాలా వెళ్ళి, పైలట్‌గా తిరిగి

1928లో ఒక ఫోను వచ్చింది. అట్లాంటిక్ సముద్రాన్ని విమానంలో దాటిన మొదటి స్త్రీ కావడం ఇష్టమేనా అని. నడిపేది మగవాళ్ళిద్దరు, ఈమె ఊరికే కూర్చోవాలి. ఒప్పుకుంది. జూన్ 17న బయలుదేరి 20 గంటల 40 నిమిషాల తరువాత వేల్స్ తీరంలో దిగారు. జనం ఈమెకి బ్రహ్మరథం పట్టారు. నడిపిన వాళ్ళని ఎవరూ పట్టించుకోలేదు. ఆమెకది సిగ్గుగా తోచింది. నేను చేసిందేముంది, బంగాళాదుంపల బస్తాలా కూర్చున్నానని దాచకుండా చెప్పింది. ఆ మాట ఆమెని నాలుగేళ్ళు నిద్రపోనివ్వలేదు.

ఆ ప్రయాణం ఏర్పాట్లు చూసిన వాళ్ళలో జార్జ్ పట్నం అనే పుస్తక ప్రచురణకర్త ఒకడు. ఆయన పెళ్ళి చేసుకుందామని అడిగాడు. కాదంది. మళ్ళీ అడిగాడు. ఆరుసార్లు అడిగాక 1931 ఫిబ్రవరి 7న పెళ్ళయింది. పెళ్ళిరోజు పొద్దున్నే ఆమె పెళ్ళికొడుక్కి ఒక ఉత్తరం ఇచ్చింది. పెళ్ళి వల్ల తన పనికి అడ్డం వస్తుందేమోనని భయంగా ఉందని, ఒక ఏడాదిలో సంతోషం కనిపించకపోతే విడిచిపెట్టాలని అందులో నిస్సంకోచంగా రాసింది. పేరు కూడా మార్చుకోలేదు. 1931లో! ఈ సంగతి చదివి మనలో కొందరు అబ్బో అనుకుంటారు, కొందరు నొచ్చుకుంటారు. ఎలా అనుకున్నా, ఆ మాట చాటున కాకుండా ముందే ముఖాన చెప్పడంలో ఒక నిజాయితీ ఉంది. ఆయనా ఆ ఉత్తరాన్ని దాచలేదు, చింపలేదు.

1932 మే 20 సాయంత్రం న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఒంటరిగా బయలుదేరింది. రాత్రి ఎత్తు చూపే మీటరు పాడైంది. రెక్కల మీద మంచు పేరుకుంది. ఇంజను దగ్గర పగుల్లోంచి మంటలు కనిపించాయి. పారిస్ చేరాలనుకున్న మనిషి, దాదాపు 15 గంటల తరువాత ఉత్తర ఐర్లండులో ఒక పచ్చిక మైదానంలో ఆవుల మధ్య దిగింది. బస్తా కథ ఆ రోజుతో తీరిపోయింది. అట్లాంటిక్‌ని ఒంటరిగా దాటిన మొదటి స్త్రీ అయింది. 1935 జనవరిలో హవాయి నుంచి కాలిఫోర్నియాకి ఒంటరిగా ఎగిరింది. అది అప్పటికి మగవాళ్ళు కూడా చేయని పని.

సంపాదన కోసం ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చింది. పనిచేసే ఆడవాళ్ళకి వీలుగా, ఉతికితే చెడని బట్టల నమూనాలు తయారుచేసి పెద్ద దుకాణాల్లో అమ్మించింది. స్త్రీ పైలట్లు కలిసి పెట్టుకున్న నైంటీ నైన్స్ సంఘానికి మొదటి అధ్యక్షురాలైంది. ఆ సంఘంలో మొదట చేరింది తొంభైతొమ్మిది మంది కాబట్టి ఆ పేరు. తల్లికి మాత్రం క్రమంగా డబ్బు పంపిస్తూనే ఉంది. పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకి ఏ ఉద్యోగాలు చేయొచ్చో సలహాలు చెప్పేది. ఆ విశ్వవిద్యాలయం తరఫున సమకూరిన డబ్బుతోనే రెండు ఇంజన్ల లాక్‌హీడ్ ఎలక్ట్రా విమానం కొన్నది.

చివరి ఉదయం

భూమి చుట్టే మొదటి ప్రయత్నం 1937 మార్చిలో హవాయిలో విమానం దెబ్బతిని ఆగిపోయింది. బాగుచేయించి, ఈసారి తూర్పు దిక్కుగా జూన్ 1న మయామీ నుంచి బయలుదేరింది. దారి చూపడానికి ఫ్రెడ్ నూనన్ తోడున్నాడు. నక్షత్రాల్ని చూసి దారి కట్టడంలో పేరున్నవాడు. పాపం, ఆయనకి ఆ వసంతంలోనే పెళ్ళయింది. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, కరాచీ, కలకత్తా, సింగపూర్, డార్విన్ దాటి జూన్ 29న న్యూగినీలోని లే పట్నం చేరారు. 22,000 మైళ్ళు అయిపోయాయి. ఇంకా 7,000 మైళ్ళు, అంతా సముద్రమే.

తరువాతి మజిలీ హౌలాండ్ దీవి. లే నుంచి 2,500 మైళ్ళ పైన. ఆ దీవి పొడవు మైలున్నర, వెడల్పు అర మైలు. చెట్టూ చేమా పెద్దగా లేవు. పై నుంచి చూస్తే మేఘం నీడకీ దానికీ తేడా తెలియదు. అక్కడ ఇటాస్కా అనే అమెరికా కోస్టుగార్డు ఓడ కాచుకుని ఉంది.

జూలై 2 ఉదయం పది గంటలకి సుమారు 1,100 గ్యాలన్ల పెట్రోలుతో విమానం లేచింది. పంతొమ్మిది గంటల తరువాత ఆమె గొంతు ఇటాస్కా రేడియోలో గట్టిగా వినిపించింది. మీ దగ్గరకి వచ్చేసి ఉండాలి, కానీ కనిపించడం లేదు, పెట్రోలు తక్కువగా ఉంది అని. గొంతు ఎంత దగ్గరగా వినిపించిందంటే, ఓడలోని వాళ్ళు డెక్కు మీదకి వెళ్ళి ఆకాశంలోకి చూశారు. విమానం లేదు.

టెలిఫోన్‌లో మనం మాట్లాడేది అవతల వినిపిస్తూ, వాళ్ళు చెప్పేది మనకి వినబడకపోతే ఎలా ఉంటుందో అందరికీ అనుభవమే. అదే జరిగింది. ఆమె మాటలు ఓడకి వినబడుతున్నాయి, ఓడ మాటలు ఆమెకి వినబడడం లేదు. ఒక్కసారి మాత్రం ఓడ పంపిన సంకేతం విన్నది గాని, అది ఏ దిక్కు నుంచి వస్తోందో పట్టుకోలేకపోయింది. ఏ తరంగం మీద ఎవరు ఎప్పుడు మాట్లాడాలో ముందుగా ఇద్దరి మధ్యా సరిగ్గా కుదరలేదు. బయలుదేరిన ఇరవై గంటల పదమూడు నిమిషాలకి ఒక గీత మీద ఉత్తరానికీ దక్షిణానికీ తిరుగుతున్నామని చెప్పింది. తరువాత మౌనం.

ఒక ఆడపిల్ల నోటుపుస్తకం

అమెరికా నౌకాదళం లెక్సింగ్టన్ అనే పెద్ద విమానవాహక నౌకతో సహా ఎన్నో ఓడల్ని పంపింది. రెండున్నర లక్షల చదరపు మైళ్ళ సముద్రం గాలించారు. రెండు వారాల పైన వెతికి, ఏమీ దొరక్క ఆపేశారు.

ఆ రోజుల్లోనే ఫ్లోరిడాలో పదిహేనేళ్ళ అమ్మాయి ఇంట్లో షార్ట్‌వేవ్ రేడియో తిప్పుతూంటే, ఒక ఆడగొంతు సహాయం కోసం అడుగుతూ వినిపించింది. తను అమేలియానని చెబుతోంది. నీళ్ళు పెరుగుతున్నాయంటోంది. పక్కన ఒక మగమనిషి బాధతో ఏదో అంటున్నాడు. ఆ అమ్మాయి నోటుపుస్తకం తీసి, అందినంత వరకూ ముక్కలు ముక్కలుగా రాసుకుంది. తండ్రి వెళ్ళి అక్కడి కోస్టుగార్డు వాళ్ళకి చెబితే, ఓడలు వెతుకుతున్నాయిలే అని పంపేశారు. ఆ పుస్తకం ఇంట్లోనే ఉండిపోయింది. దశాబ్దాల తరువాత పరిశోధకులు దాన్ని వెతుక్కుంటూ వచ్చి, ఒక్కో ముక్కా పట్టి చూశారు. అది నిజంగా అమేలియా గొంతేనా, ఎవరైనా ఆకతాయి చేష్టా అన్నది తేలలేదు. కానీ అప్పుడే ఎవరైనా కూర్చోబెట్టి వివరంగా అడిగి ఉంటే బాగుండేది కదా అనిపిస్తుంది.

కాగితాల సంగతి కూడా ఇలాగే ఉంది. ఇటాస్కాలో ఆ ఉదయం టైపు చేసిన అసలు రేడియో కాగితాల్ని అక్కడి ముఖ్య ఉద్యోగి తన ఇంట్లో ఏళ్ళ తరబడి దాచాడు. చాలా కాలానికి అవి జాతీయ ఆర్కైవ్స్‌కి చేరాయి. అమేలియా లేలో ఉన్న మూడు రోజులూ ఏం జరిగిందో, ఎంత పెట్రోలు పోశారో అక్కడి విమాన కంపెనీ మేనేజరు అదే నెలలో పొడుగాటి ఉత్తరం రాశాడు. అది కెనడాలో ఒక గనుల కంపెనీ పాత ఫైళ్ళలో 1991లో బయటపడింది. యాభైనాలుగేళ్ళు!

ఎదురుచూసిన ఇల్లు

1939 జనవరి 5న కోర్టు అమేలియా చనిపోయినట్టు ప్రకటించింది. భర్త పట్నం ఆ ఏడాదే మరో పెళ్ళి చేసుకున్నాడు. అందుకు ఆయన్ని తిట్టిన వాళ్ళు చాలామంది. అయితే యుద్ధకాలంలో, జపాను రేడియోలో మాట్లాడే ఆడగొంతు అమేలియాదేనన్న పుకారు లేస్తే, వెళ్ళి చెవొగ్గి విన్నవాడూ ఆయనే. ఆమె గొంతు కాదని చెప్పి తిరిగొచ్చాడు.

తల్లి ఏమీ మాత్రం కూతురు ఎక్కడో ఉందనే ఎన్నో ఏళ్ళు నమ్మింది. ప్రభుత్వం ఏదో రహస్యపు పని మీద పంపిందని, జపాను వాళ్ళ చేతికి చిక్కిందని 1949లో పత్రికలవాళ్ళతో అంది. 93 ఏళ్ళు బతికి 1962లో కన్నుమూసింది. చెల్లెలు మ్యూరియల్ బడిపంతులమ్మ. ఆమె మాత్రం పెట్రోలు అయిపోయి విమానం సముద్రంలో పడిపోయిందని సరిపెట్టుకుంది. అక్క జీవితచరిత్ర రాసింది. 1998లో తనూ పోయింది. ఒకే ఇంట్లో తల్లి ఒకలా, కూతురు ఒకలా. చావు కబురుకి శవం సాక్ష్యం లేకపోతే మనసు ఎవరికి తోచిన దారి వాళ్ళు వెతుక్కుంటుంది.

కళ్ళారా చూశామన్నవాళ్ళు

1960లో, సైపాన్ దీవిలో చిన్నతనం గడిపిన ఒక స్త్రీ చెప్పిన మాటలు పత్రికలకెక్కాయి. 1937లో జపాను సైనికుల దగ్గర పొట్టిజుట్టు తెల్ల స్త్రీనీ, ఒక మగవాణ్ణీ చూశానని. ఫ్రెడ్ గోర్నర్ అనే రేడియో విలేఖరి సైపాన్ వెళ్ళి, అలా చూశామన్న వాళ్ళని ఎంతోమందిని పలకరించి 1966లో పుస్తకం రాశాడు. చెప్పినవాళ్ళు చాలామంది. కానీ ఒకరు చెప్పింది ఒకరితో కలవదు, కాగితం మీద సాక్ష్యం ఒక్కటీ దొరకలేదు.

2017లో ఒక టీవీ చానల్ మార్షల్ దీవుల రేవు ఫొటో చూపించి, అందులో వెనక్కి తిరిగి కూర్చున్నది అమేలియానేనంది. ప్రపంచమంతా గగ్గోలు. జపానులో చరిత్ర మీద ఆసక్తి ఉన్న ఒకాయన తమ జాతీయ గ్రంథాలయంలో కాసేపు వెతికాడు. ఆ ఫొటో 1935లో అచ్చయిన యాత్రాపుస్తకంలో కనిపించింది! అమేలియా మాయం కావడానికి రెండేళ్ళ ముందు.

ఇంకో విడ్డూరం. 1970లో వచ్చిన ఒక పుస్తకం, అమేలియా న్యూజెర్సీలో పేరు మార్చుకుని బతుకుతోందని ఒక మామూలు స్త్రీని చూపించింది. ఆవిడ విలేఖరుల్ని పిలిచి, నేను అమేలియాని కాదు మొర్రో అని చెప్పి కోర్టుకెక్కింది. పుస్తకాన్ని దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. పోయినావిణ్ణి వెతుకుతూ ఉన్నావిణ్ణి క్షోభ పెట్టారు.

పదమూడు ఎముకలు

అన్నిటికంటే మనసుని పట్టి లాగే సాక్ష్యం నికుమరోరో దీవిది. అప్పటి పేరు గార్డ్‌నర్ దీవి. హౌలాండ్‌కి ఆగ్నేయంగా దాదాపు 400 మైళ్ళు. 1937లో అక్కడ మనుషులు లేరు. 1940లో జెరాల్డ్ గాలగర్ అనే యువ బ్రిటిష్ అధికారికి అక్కడ ఒక చెట్టు కింద మనిషి ఎముకలు, ఆడవాళ్ళ చెప్పు అడుగు ముక్క, నావికులు వాడే పరికరం పెట్టె దొరికాయి. ఇవి అమేలియావేమోనని ఆయన పై అధికారులకి తంతి ఇచ్చాడు. విషయం రహస్యంగా ఉంచమని జవాబొచ్చింది.

పదమూడు ఎముకల్ని ఫిజీకి పంపారు. 1941లో అక్కడి వైద్యపాఠశాల డాక్టరు హూడ్‌లెస్ కొలిచి, ఇవి మగవాడివని రాశాడు. అంతే. ఫైలు మూశారు. గాలగర్ ఆ సెప్టెంబరులోనే జబ్బుచేసి ఆ దీవిలోనే చనిపోయాడు. ఎముకలు ఎక్కడికి పోయాయో తెలీదు. అమెరికాలోని కుటుంబానికి ఈ సంగతే చేరలేదు. ఆ కబురు కోసమే కాచుకుని తల్లి ఇంకా బతికే ఉంది.

1985లో ఒక దంపతులు మొదలుపెట్టిన టైగర్ అనే సంస్థ 1989 నుంచి ఆ దీవికి పదేపదే వెళ్ళింది. ఎముకల మాట అక్కడి వాళ్ళ నోట పుక్కిటి పురాణంలా వినిపిస్తూండేది. 1997లో కిరిబాతి దేశపు ఆర్కైవ్స్‌లో గాలగర్ తంతులు దొరికాయి. మరుసటి ఏడాది ఇంగ్లండులో మొత్తం ఫైలే దొరికింది. అందులో డాక్టరు రాసుకున్న కొలతలున్నాయి. ఎముకలు పోయినా అంకెలు మిగిలాయన్నమాట.

ఆ అంకెల్ని రిచర్డ్ జాంట్జ్ అనే శాస్త్రవేత్త కొత్త పద్ధతిలో లెక్కకట్టి 2018లో ప్రకటించాడు. మరి అమేలియా కొలతలు ఎక్కడివి? పాత ఫొటోల నుంచి, పర్‌డ్యూ విశ్వవిద్యాలయం భద్రపరచిన ఆమె ప్యాంటు నుంచి! దర్జీ తీసినట్టు నడుం కొలతా, కాలి పొడవూ తీశారు. తన దగ్గరున్న నమూనాల్లో 99 శాతం మందికంటే అమేలియా కొలతలే ఆ ఎముకలకి దగ్గరగా ఉన్నాయని తేల్చాడు. అయితే 2015లో ఇంకో ఇద్దరు నిపుణులు ఆనాటి డాక్టరు చెప్పిందే సరైనదన్నారు. 1929లో ఆ దీవి దగ్గర నార్విచ్ సిటీ అనే ఓడ బద్దలై పదకొండు మంది చనిపోయారు, ఎముకలు వాళ్ళలో ఒకరివి కావచ్చనే మాటా ఉంది. ఎముకలే చేతిలో ఉంటే ఈ వాదనంతా ఒక్క పరీక్షతో తీరిపోయేది.

ఆ దీవి మీద చిన్న చిన్న వస్తువులు కూడా దొరికాయి. పౌడరు డబ్బా అద్దపు ముక్కలు, జిప్పు, ఒక చిన్న గాజు సీసా ముక్కలు. ఆ సీసా ముఖం మీది చుక్కలు పోవడానికి అప్పట్లో అమ్మిన క్రీము సీసాలా ఉంది. ఆకాశాన్ని జయించిన మనిషికి కూడా తన ముఖం మీది చుక్కలంటే దిగులే. వస్తువులు ఆమెవేనని రుజువు కాలేదు. కానీ ఈ ఒక్క వివరం దగ్గర ఆమె మనకి ఎంతో దగ్గర మనిషి అయిపోతుంది.

వెతుకులాట ఆగలేదు

టైటానిక్‌ని కనిపెట్టిన రాబర్ట్ బలార్డ్ 2019లో నికుమరోరో చుట్టూ సముద్రం అడుగు గాలించాడు. విమానం కనబడలేదు. హౌలాండ్ దగ్గర లోతుల్లో నాటికాస్ అనే కంపెనీ మూడుసార్లు వెతికింది, దొరకలేదు. 2024 జనవరిలో ఇంకో కంపెనీ సముద్రం అడుగున విమానం ఆకారం ఫొటో చూపించింది. అందరూ ఊపిరి బిగబట్టారు. ఆ నవంబరులో దగ్గరికెళ్ళి చూస్తే బండరాయి. 2025లో అమెరికా ప్రభుత్వం తన దగ్గరున్న అమేలియా దస్త్రాలు వేలకొద్దీ పేజీలు బయటపెట్టింది. గుట్టు మాత్రం వీడలేదు. పెట్రోలు అయిపోయి హౌలాండ్ దగ్గరే సముద్రంలో పడిందన్నదే ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం.

ఈ కథంతా చదివాక నాకు మిగిలిన బాధ ఒకటే. సాక్ష్యాలు లేక కాదు, వాటిని వేళకి పట్టించుకోక పోయాయి. ఆడపిల్ల నోటుపుస్తకాన్ని ఎవరూ అడగలేదు. ఎముకల పెట్టెని ఎవరూ భద్రం చేయలేదు. మగవాడివని ఒక కాగితం మీద రాయగానే అందరి బాధ్యతా తీరిపోయింది.

మరో సంగతి కూడా ఉంది. అమేలియా ఎలా పోయిందో వెతకడంలో పడి, ఎలా బతికిందో మరిచిపోతున్నాం. 39 ఏళ్ళ జీవితంలో ఆఖరి ఒక్క రోజు మీదే అందరి చూపూను. చిన్నప్పుడు ఆమె అంటించుకున్న నోటుపుస్తకం గుర్తుందా? ఇతర స్త్రీలు చేసిన పనుల వార్తలు కత్తిరించి దాచుకుంది, తనకో దారి కనిపిస్తుందేమోనని. మన ఇళ్ళల్లో కూడా అలాంటి కత్తిరింపులు దాచుకునే పిల్లలు ఉంటారు. చెత్త అని పారేయకండి. అమేలియా విమానం సముద్రంలో ఎక్కడుందో ఒకనాడు దొరుకుతుందేమో, దొరక్కపోవచ్చు కూడా. అమేలియా మాత్రం అలాంటి నోటుపుస్తకాల్లో తప్పకుండా దొరుకుతుంది.